హైబ్రిడ్ కారు కొనేముందు: ఏ రకం ఎవరికి పనికొస్తుంది, ఎన్నాళ్లు పనికొస్తుంది

"హైబ్రిడ్ (ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారూ ఉన్న కారు) తీసుకుందామనుకుంటున్నాను, ఏమంటారు?" అని ఎవరైనా అడిగితే నేను మైలేజీ సంగతి ఎత్తను. రాత్రిపూట మీ కారు ఎక్కడ ఆగుతుందని అడుగుతాను. కారు పక్కనే ప్లగ్ పాయింట్ ఉంటుందా లేదా అన్నది తేలితే సగం ఎంపిక అక్కడే అయిపోతుంది. మిగతా సగం, మీరు ఎక్కువగా తిరిగేది సిగ్నళ్ల మధ్యనా హైవే మీదనా అన్నదాన్ని బట్టి ఉంటుంది. బ్రోచర్‌లో పెద్దక్షరాలతో వేసే మైలేజీ అంకె ఆ తర్వాతి మాట.

ఇలా ఎందుకంటున్నానంటే, హైబ్రిడ్ అన్న స్టిక్కర్ ఇప్పుడు ఒకదానితో ఒకటి పొంతన లేని బళ్లన్నిటి మీదా కనిపిస్తోంది. యూరోపియన్ యూనియన్‌లో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో హైబ్రిడ్ల వాటా దాదాపు 31 శాతం, పెట్రోలు కార్లది 33 శాతం పైచిలుకు. ఈ లెక్క వింటే జనం హైబ్రిడ్ల మీద ఎగబడుతున్నారనిపిస్తుంది. కొంత నిజమే కూడా. కానీ ఆ 31 శాతంలో ప్లగ్-ఇన్‌లు, అంటే ప్లగ్ పెట్టి చార్జ్ చేసే హైబ్రిడ్లు లేవు, వాటిది వేరే లెక్క. మైల్డ్ హైబ్రిడ్లు మాత్రం అందులోనే కలిసిపోయి ఉన్నాయి. వాటిలో చాలా బళ్లు కరెంటు మీద సొంతంగా కదలనే కదలవు. కాబట్టి "అందరూ హైబ్రిడ్లే కొంటున్నారట" అన్న వార్త చదివి షోరూమ్‌కి వెళ్లేవాళ్లు, ఆ అందరూ కొన్నది ఏ రకమో ముందు కనుక్కోవడం మంచిది.

మైల్డ్ హైబ్రిడ్

దీని గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. మామూలు ఇంజినుకే ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిప్పితే కరెంటు పుట్టించేది) బదులు కాస్త బలమైన మోటార్-జనరేటర్ తగిలిస్తారు, దానికి 12 లేదా 48 వోల్టుల చిన్న బ్యాటరీ ఇస్తారు. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగుతుంది, కుదుపు లేకుండా మళ్లీ స్టార్ట్ అవుతుంది, బయల్దేరేటప్పుడు మోటారు కాస్త తోస్తుంది. ఇంధనం పొదుపు పది శాతం దాటడం అరుదు. ఈమధ్య కొన్ని 48 వోల్టుల బళ్లలో మోటారును గేర్‌బాక్స్‌లోనే పెట్టి, పార్కింగ్ వేగంలో కరెంటు మీద నడిచేలా చేస్తున్నారు. కానీ అలాంటివి ఇంకా తక్కువే.

సేల్స్‌మన్ మాటతో పని లేకుండా టెస్ట్ డ్రైవ్‌లోనే తేల్చుకునే పద్ధతి ఒకటుంది. ఎండలో ఏసీ వేసుకుని ఎక్కడైనా ఆగండి. ఇంజిన్ ఆగిన కాసేపటికి ఏసీలోంచి వెచ్చటి గాలి మొదలైందంటే కంప్రెసర్ ఇంజిన్ బెల్టు మీదే తిరుగుతోందన్నమాట, అది మైల్డ్ హైబ్రిడ్. ఫుల్ హైబ్రిడ్‌లో, అంటే మోటారు ఒక్కదానితోనూ కాసేపు నడవగలిగే రకంలో, సాధారణంగా కంప్రెసర్ కరెంటుతో నడుస్తుంది, ఇంజిన్ ఆగినా చల్లదనం తగ్గదు.

నా మట్టుకు, మైల్డ్ హైబ్రిడ్ కోసం ప్రత్యేకంగా ఎక్కువ డబ్బు పెట్టడం దండగ. మీరు కొనాలనుకున్న మోడల్లో ఎలాగూ అదే వస్తుంటే తీసుకోండి. అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు.

ఫుల్ హైబ్రిడ్: ప్లగ్ లేనివాళ్లకు అసలైన బేరం

1997 డిసెంబరులో టయోటా జపాన్‌లో ప్రియస్‌ను అమ్మకానికి పెట్టింది. పెద్ద ఎత్తున తయారైన మొదటి హైబ్రిడ్ కారు అదే. దాదాపు మూడు దశాబ్దాల తర్వాత కూడా టయోటా వాడుతున్న మూల పద్ధతి పెద్దగా మారలేదు. మధ్యలో ఒక గేరు, దాని చుట్టూ తిరిగే చిన్న గేర్లు, బయట ఒక రింగు. ఇంజిన్ ఆ చిన్న గేర్లను పట్టుకున్న చట్రానికి కలిసి ఉంటుంది. ఒక మోటారు మధ్య గేరుకు, ఇంకోటి చక్రాల వైపు రింగుకు కలిసి ఉంటాయి. మొదటి మోటారు తన వేగాన్ని అటూ ఇటూ మార్చుకుంటూ ఉంటే, కారు ఏ స్పీడులో ఉన్నా ఇంజిన్ తనకు అనువైన ఆర్‌పీఎంలో ఉండగలుగుతుంది. ఇందులో క్లచ్ లేదు, సాగే బెల్టు లేదు, విడిగా సెల్ఫ్ మోటారు లేదు, ఆల్టర్నేటర్ కూడా లేదు. హైబ్రిడ్ అంటే రెట్టింపు సామాను, రెట్టింపు రిపేర్లు అని భయపడేవాళ్లు ఈ జాబితాను ఒకసారి మళ్లీ చదువుకోవాలి. చాలా దేశాల్లో టాక్సీ డ్రైవర్లు ఈ బళ్లను ఇష్టపడటానికి మైలేజీ ఒక్కటే కారణం కాదు.

పొదుపు ఎక్కడి నుంచి వస్తోందో తెలిస్తే ఈ కారు మీకు పనికొస్తుందో లేదో మీరే చెప్పగలరు. బయటి నుంచి ఒక్క యూనిట్ కరెంటు కూడా లోపలికి రాదు. కారు నడిచేదంతా పెట్రోలు మీదే. తేడా ఏమిటంటే, బ్రేకు వేసినప్పుడు మామూలు కారులో వేడిగా పోయే శక్తిని మోటారు పట్టి బ్యాటరీలో వేస్తుంది. మెల్లగా పోయేటప్పుడు, ఆగినప్పుడు ఇంజిన్ ఆగిపోతుంది. ఇక మూడోది, చాలామంది గమనించనిది, ఇంజినే వేరు. అట్కిన్సన్ పద్ధతిలో నడిచే ఇంజిన్ తక్కువ తాగుతుంది కానీ అడుగు వేగంలో దానికి పికప్ ఉండదు. విడిగా పెడితే ఎవరూ కొనరు. ఆ లోటును మోటారు పూడుస్తుంది కాబట్టి హైబ్రిడ్‌లో అది కుదిరింది. 2015లో వచ్చిన నాలుగో తరం ప్రియస్ ఇంజిన్ 40 శాతం ఉష్ణ సామర్థ్యానికి చేరింది, అంటే పెట్రోలులోని శక్తిలో 40 శాతం దాకా పనిగా మార్చగలదు.

దీన్నిబట్టి అర్థమయ్యేదేమిటంటే, ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో ఫుల్ హైబ్రిడ్‌కి తిరుగులేదు. మామూలు కారు ఎక్కువ తాగే చోటే ఇది తక్కువ తాగుతుంది. హైవే మీద నిలకడగా గంటకు 120 కిలోమీటర్లతో పోతుంటే బ్రేకు తొక్కే పనే ఉండదు, వెనక్కి రాబట్టుకోవడానికి ఏమీ మిగలదు. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు దాని వర్గం లెక్కన పెరుగుతుంది, అక్కడ ఏ మోటారూ చేసేదేమీ లేదు. మైలేజీ మామూలు పెట్రోలు కారు కన్నా బాగానే ఉంటుంది కానీ ఊళ్లో కనిపించినంత తేడా ఉండదు.

కంపెనీ కంపెనీకీ నడిచే తీరు మారుతుంది. హోండా పద్ధతిలో ఎక్కువసేపు ఇంజిన్ కరెంటు పుట్టిస్తుంది, మోటారు చక్రాలు తిప్పుతుంది. హైవే వేగంలో మాత్రం ఒక క్లచ్ పడి ఇంజిన్ నేరుగా చక్రాలకు కలుస్తుంది. నిస్సాన్ 2016లో నోట్ కారుతో తెచ్చిన ఈ-పవర్‌లో ఇంజిన్‌కీ చక్రాలకీ మధ్య ఇరుసు సంబంధమే ఉండదు. ఊళ్లో నడపడానికి అచ్చం ఎలక్ట్రిక్ కారులా హాయిగా ఉంటుంది, హైవే మీద మాత్రం శక్తిని రెండుసార్లు మార్చడంలో కొంత పోతుంది. హ్యుందాయ్, కియాల హైబ్రిడ్లలో చాలావరకు మామూలు గేర్లున్న ఆటోమేటిక్ గేర్‌బాక్సే ఉంటుంది, గేరు మారడం తెలుస్తుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఇంజిన్ ఒకే శ్రుతిలో అరుస్తూ ఉండటం కొందరికి మహా చిరాకు. అది టయోటా తరహా బళ్లలో వినిపిస్తుంది. ఇది చదివి తేలేది కాదు, టెస్ట్ డ్రైవ్‌లో ఓ ఎత్తు రోడ్డు మీద నలుగురు ఎక్కి నడిపి చూడాలి.

ప్లగ్-ఇన్ హైబ్రిడ్: రోజూ ప్లగ్ పెట్టేవాళ్లకే

కాగితం మీద చూస్తే ఇంతకన్నా తెలివైన కారు లేదు. పది నుంచి పాతిక కిలోవాట్ అవర్ల (అంటే కరెంటు బిల్లులోని యూనిట్ల) బ్యాటరీ, రోజువారీ తిరుగుడంతా కరెంటు మీద, దూరం పోవాలంటే పెట్రోలు. చైనాలో బీవైడీ 2008 డిసెంబరులో ఎఫ్3డీఎం పేరుతో ఇలాంటి కారును మొదట మార్కెట్లోకి తెచ్చింది. ఇప్పుడు అదే కంపెనీ, దాని పోటీదారులు వీటిని లక్షల్లో అమ్ముతున్నారు.

చిక్కు మనుషులతోనే. కార్లలోని మీటర్లు నమోదు చేసిన అసలు వాడకాన్ని పరిశీలించి యూరోపియన్ కమిషన్ 2024లో ఒక నివేదిక ఇచ్చింది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు రోడ్డు మీద వదిలే కార్బన్ డయాక్సైడ్, ల్యాబ్ పరీక్షలో చూపించిన దానికి సగటున 3.5 రెట్లు ఉందని తేలింది. మామూలు పెట్రోలు, డీజిల్ కార్లలో ఆ తేడా 20 శాతం దగ్గరే. ప్లగ్-ఇన్‌లను జనం పరీక్షలో అనుకున్నంత తరచుగా చార్జ్ చేయడం లేదు. పన్ను రాయితీ కోసం కొని, కేబుల్‌ను కవరు కూడా విప్పకుండా డిక్కీలో పడేసే యజమానులు ఉన్నారు. పెట్రోలు బిల్లు ఆఫీసు కట్టే కార్లలో అయితే చార్జ్ చేయాల్సిన అవసరం ఎవరికి?

చార్జ్ చేయకపోతే ఇది ఫుల్ హైబ్రిడ్ కన్నా అన్యాయం. ఎందుకంటే ఒకటి రెండు క్వింటాళ్లకు పైగా బరువున్న బ్యాటరీని ఊరికే మోస్తూ తిరుగుతారు. డిక్కీ తగ్గుతుంది, స్టెప్నీ చోటు చాలా మోడళ్లలో పోతుంది, దాని బదులు పంక్చర్ కిట్ ఇస్తారు.

మీరు రోజూ ప్లగ్ పెట్టే మనిషే అయితే మాత్రం లెక్క పూర్తిగా తిరగబడుతుంది. 15 కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఇంట్లో మామూలు సాకెట్ మీద ఏడెనిమిది గంటల్లో నిండుతుంది, ప్రత్యేక చార్జర్ బిగించుకోకపోయినా రాత్రి సరిపోతుంది. కొనేముందు రెండు సంగతులు అడిగి తీరాలి. మోటారు ఒక్కటే హైవే వేగాన్ని లాగుతుందా, లేక కాస్త గట్టిగా తొక్కితే ఇంజిన్ మేల్కొంటుందా? చలిలో హీటర్ వేస్తే ఇంజిన్ స్టార్ట్ అవుతుందా? కొన్ని మోడళ్లలో బ్యాటరీ నిండుగా ఉన్నా హీటర్ కోసం ఇంజిన్ ఆన్ అవుతుంది. చలి ప్రాంతంలో ఉండేవాళ్లు ఇది తెలుసుకోకుండా కొంటే నెలల తరబడి "కరెంటు కారు కదా, ఈ చప్పుడేంటి" అనుకుంటూ ఉంటారు. ఇంకో విచిత్రం, మరీ శ్రద్ధగా కరెంటు మీదే నడిపితే ట్యాంకులో పెట్రోలు పాతబడుతుంది. అందుకే కొన్ని కార్లు అప్పుడప్పుడు తమంతట తామే ఇంజిన్ నడిపి దాన్ని కాల్చేస్తాయి. కంగారు పడక్కర్లేదు.

ఈ కుటుంబంలోదే ఇంకో రకం, రేంజ్ ఎక్స్‌టెండర్. బ్యాటరీ పెద్దది, చక్రాలు తిప్పేది మోటారే, ఇంజిన్ ఉన్నది జనరేటర్‌గా మాత్రమే. చైనాలో లీ ఆటో 2019 నుంచి అమ్ముతున్న ఈ తరహా పెద్ద ఎస్‌యూవీలు బాగా కుదురుకున్నాయి, మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. బ్యాటరీ అడుగంటాక నిండు లోడుతో ఘాట్ రోడ్డు ఎక్కాల్సి వస్తే జనరేటర్ ఇవ్వగలిగిన శక్తే దిక్కు. కొండ ప్రాంతాల్లో తిరిగేవాళ్లు ఆ ఇంజిన్ సైజు చూసుకోవాలి.

అసలు హైబ్రిడ్ వద్దనుకోవాల్సింది ఎవరు?

ఇంటి దగ్గర ప్లగ్ ఉండి, దూర ప్రయాణాలు ఏడాదికి రెండు మూడు సార్లే అయితే పూర్తి ఎలక్ట్రిక్ కారు చూడండి. ప్లగ్-ఇన్‌ను క్రమశిక్షణగా వాడేవాళ్లలో చాలామంది కొన్నాళ్లకు ఇంజిన్‌ను ఊరికే మోస్తున్నామని గ్రహిస్తారు. ఆయిల్ మార్పించాలి, ఫిల్టర్లు మార్చాలి, అంతా చేసి దాన్ని వాడేది ఎప్పుడో ఒకసారి. రోజూ వందల కిలోమీటర్లు హైవే మీద కొట్టేవాళ్లకు, డీజిల్ మీద ఆంక్షలు లేని చోట, మంచి డీజిల్ కారు ఇప్పటికీ తీసిపారేసే సరుకు కాదు. వారానికోసారి కారు బయటికి తీసేవాళ్లకైతే మామూలు పెట్రోలు కారే చాలు.

లీటర్లలో లెక్క వేయండి

హైబ్రిడ్‌కి పెట్టే అదనపు ధర ఎప్పుడు తిరిగొస్తుందో చూడటానికి నేను డబ్బులో కాకుండా లీటర్లలో లెక్క వేస్తాను. ఏ దేశంలోనైనా పనిచేస్తుంది. ఒకే మోడల్లో పెట్రోలుకీ హైబ్రిడ్‌కీ ఉన్న ధర తేడాను మీ దగ్గరి లీటరు పెట్రోలు ధరతో భాగించండి. తేడా 2,000 లీటర్ల ఖరీదు అనుకుందాం.

పెట్రోలు కారు లీటరుకు 15 కిలోమీటర్లు, హైబ్రిడ్ 23 ఇస్తాయనుకుంటే, ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు మిగిలేది దాదాపు 350 లీటర్లు. అంటే ఆరేళ్లకు కాస్త తక్కువలో డబ్బు తిరిగొస్తుంది. 30,000 తిరిగేవాళ్లకు మూడేళ్లు చాలు. 6,000 మాత్రమే తిరిగితే పద్నాలుగేళ్లు పడుతుంది, అప్పటికి కారే ఉండకపోవచ్చు.

మైలేజీ అంకెల్లో ఒక మెలిక ఉంది. లీటరుకు 10 ఇచ్చే బండి 15 ఇస్తే ప్రతి 10,000 కిలోమీటర్లకు 333 లీటర్లు మిగులుతాయి. 20 ఇచ్చే బండి 30 ఇస్తే మిగిలేది 167 లీటర్లే. చూడటానికి రెండోదే పెద్ద ఘనతలా ఉంటుంది, జేబుకి మాత్రం మొదటిదే మేలు. అందుకే చిన్న కారు హైబ్రిడ్ కన్నా ఏడుగురు కూర్చునే పెద్ద బండి హైబ్రిడ్ త్వరగా గిట్టుబాటవుతుంది. ఇంట్లో రెండు కార్లుంటే ముందు మార్చాల్సింది ఎక్కువ తాగేదాన్ని.

పై లెక్కలో మైలేజీ దగ్గర కంపెనీ అంకె వేయొద్దు. మీలాంటి రోడ్ల మీదే అదే మోడల్ నడిపే యజమానిని అడిగి, ఆయన చెప్పింది వేయండి.

బ్యాటరీ భయం, సెకండ్ హ్యాండ్ సంగతి

"బ్యాటరీ పోతే కారు ధర అంత అవుతుందట కదా" అన్న టెన్షన్ అందరికీ ఉంటుంది. ఫుల్ హైబ్రిడ్ బ్యాటరీ ఎలక్ట్రిక్ కారు బ్యాటరీలో యాభయ్యో వంతు ఉంటుంది, చాలావాటిలో ఒకటి రెండు కిలోవాట్ అవర్లే. కారు దాన్ని పూర్తిగా నింపదు, పూర్తిగా ఖాళీ చేయదు, మధ్యలోనే ఆడిస్తుంది, అందుకే మన్నుతుంది. ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఈ బ్యాటరీలకు మామూలైపోయింది.

నిజంగా బ్యాటరీని చంపేది చాలాసార్లు దుమ్ము. ఎన్నో మోడళ్లలో వెనక సీటు కిందో పక్కనో చిన్న జాలీ కనిపిస్తుంది. బ్యాటరీని చల్లబరిచే గాలి అందులోంచే పోతుంది. దానిమీద బ్యాగులు పెట్టినా, పెంపుడు కుక్క వెంట్రుకలు, దుమ్ము పేరుకున్నా బ్యాటరీ వేడెక్కి ఆయుష్షు తగ్గుతుంది. లోపల ఫిల్టర్ ఉంటే ప్రతి సర్వీసింగ్‌లో శుభ్రం చేయమని అడగాలి, అడగకపోతే చేయని సర్వీస్ సెంటర్లే ఎక్కువ. సెకండ్ హ్యాండ్ చూడటానికి వెళ్లినప్పుడు నేనైతే బానెట్ కన్నా ముందు ఆ జాలీ మీద వేలు పెట్టి చూస్తాను. యజమాని కారును ఎలా చూసుకున్నాడో అక్కడే తెలిసిపోతుంది.

దారిలో ఆపేసేది కూడా పెద్ద బ్యాటరీ కాదు, మూల ఎక్కడో ఉండే మామూలు 12 వోల్టుల బ్యాటరీ. అది పడుకుంటే కంప్యూటర్లు మేల్కోవు, కారు రెడీ అవదు. నెలల తరబడి నిలిపి ఉంచే ఆలోచన ఉంటే దాని సంగతి చూసుకోండి. బ్రేకు ప్యాడ్లు మాత్రం చాలాకాలం వస్తాయి, ఎందుకంటే సగం బ్రేకు పని మోటారే చేస్తుంది. కాకపోతే తక్కువ వాడకం వల్ల డిస్కులు తుప్పు పట్టే అవకాశం ఉంది, అప్పుడప్పుడు గట్టిగా బ్రేకు వేయడం మంచిదే. నారింజ రంగు వైర్ల జోలికి రోడ్డు పక్క మెకానిక్‌ను వెళ్లనివ్వొద్దు, అవి హై వోల్టేజివి.

ఇంకెన్నేళ్లు?

హైబ్రిడ్లు తాత్కాలికమే, ఎలక్ట్రిక్ వచ్చేస్తోంది, ఇప్పుడు కొంటే మునిగిపోతామా అని అడిగేవాళ్లున్నారు. తాత్కాలికమన్నది నిజమే, కానీ ఆ తాత్కాలికం మీ కారు జీవితకాలం కన్నా పెద్దది. అమెరికాలో టయోటా 2025 మోడల్ నుంచి క్యామ్రీని హైబ్రిడ్‌గా మాత్రమే అమ్ముతోంది. 2026 ఆర్ఏవీ4 ఎస్‌యూవీకి కూడా అక్కడ మామూలు పెట్రోలు రకం లేదు. అంటే హైబ్రిడ్ ముందుగా మింగేస్తున్నది ఎలక్ట్రిక్‌ను కాదు, మామూలు పెట్రోలు కారును. బ్రిటన్ 2030 నుంచి కొత్త పెట్రోలు, డీజిల్ కార్ల అమ్మకం ఆపాలనుకుంటూనే హైబ్రిడ్లకు 2035 దాకా గడువిచ్చింది. యూరోపియన్ యూనియన్ 2035 నాటికి కొత్త కార్ల నుంచి కార్బన్ డయాక్సైడ్ అసలు రాకూడదని 2023లో చట్టం చేసి, 2025 డిసెంబరుకల్లా దాన్ని 90 శాతం తగ్గింపుకి సడలిద్దామన్న ప్రతిపాదన దాకా వచ్చింది. ఈ నిబంధనలన్నీ కొత్త కార్ల అమ్మకం గురించి, మీరు ఇప్పటికే కొన్నదాని గురించి కాదు.

మరోవైపు నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో 89 శాతం పూర్తి ఎలక్ట్రిక్. చార్జింగ్ అన్నిచోట్లా దొరికి, ధరలో తేడా పోతే జనం హైబ్రిడ్ దగ్గర ఆగరని ఆ దేశం చూపిస్తోంది. చైనాలో 2024 జులైలో ఎలక్ట్రిక్, ప్లగ్-ఇన్ కార్లు కలిసి నెలవారీ రిటైల్ అమ్మకాల్లో సగం దాటాయి. అక్కడి ప్లగ్-ఇన్‌లలో బ్యాటరీలు ఏటేటా పెద్దవవుతున్నాయి. నా అంచనాలో చిన్న బ్యాటరీ ప్లగ్-ఇన్‌లకే ముందు కాలం చెల్లుతుంది. ఫుల్ హైబ్రిడ్ చార్జింగ్ సరిగా లేని చోటల్లా ఇంకా చాలాకాలం నిలబడుతుంది.

కాబట్టి పదేళ్లు ఉంచుకునే ఉద్దేశంతో కొనేవాళ్లు, ప్లగ్ లేకపోతే, పేరున్న కంపెనీ ఫుల్ హైబ్రిడ్ నిశ్చింతగా తీసుకోవచ్చు. మూడు నాలుగేళ్లకోసారి మార్చే అలవాటున్నవాళ్లు ప్లగ్-ఇన్ అయినా ఎలక్ట్రిక్ అయినా లీజుకు దొరుకుతుందేమో ముందు చూడాలి. టెక్నాలజీ ఇంత వేగంగా మారుతున్నప్పుడు అమ్మకం ధర ఎంత పడిపోతుందన్న రిస్క్ కంపెనీ నెత్తినే ఉంటుంది. అద్దె ఇంట్లో ఉంటూ, రెండేళ్లలో ప్లగ్ ఉన్న ఇంటికి మారాలనుకుంటున్నవాళ్లయితే ఇప్పుడున్న కారునే ఇంకో రెండేళ్లు లాగడం చౌక.